బొమ్మల చదువుకూ ఓ పట్టా ఉంది!
బీఎఫ్ఏలో చేరేముందు విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

రాజమహేంద్రవరం: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారం పది రోజుల్లో జిల్లాలోని ఇళ్లలో జరిగే చర్చ దాదాపు ఒక్కటే. ఎంపీసీ చదివినవారు ఇంజినీరింగ్ వైపు, బైపీసీ చదివినవారు వైద్య, వ్యవసాయ కోర్సుల వైపు చూస్తారు. మిగిలినవారికి డిగ్రీ కళాశాలలు ఉండనే ఉన్నాయి. ఈ లెక్కల్లో ఇమడని విద్యార్థి ఒకరు ప్రతి వీధిలోనూ ఉంటారు. తరగతిలో సగం మంది జంతుశాస్త్రం రికార్డుల్లో కప్ప బొమ్మ గీసిపెట్టింది ఆ చేతులే. వినాయక చవితి పందిరికి తెర రాసిందీ, బడి వార్షికోత్సవానికి నల్లబల్లపై రంగు సుద్దలతో అక్షరాలు దిద్దిందీ ఆ చేతులే. అటువంటి పిల్లలు 'నేను బొమ్మల చదువే చదువుతాను' అన్నప్పుడు పెద్దలకు కోపం కంటే ముందు భయం కలుగుతుంది. అసలు అలాంటి చదువు ఉందా? ఉంటే ఎక్కడ? ఎన్నేళ్లు? చివరకు అన్నం పెడుతుందా? వీటికి సమాధానం చెప్పేవారు దగ్గరలో దొరకరు. కార్పొరేట్ కళాశాలల కరపత్రాల్లో ఈ కోర్సు పేరు కనిపించదు. తెలిసేసరికి దరఖాస్తు గడువు ముగిసిపోయి ఉంటుంది.

నిజానికి ఈ ప్రశ్న ఈ ఊరికి కొత్త కాదు. నూరేళ్లకు పూర్వమే ఇక్కడ ఒక కుటుంబం దీన్ని ఎదుర్కొంది. 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు బొమ్మలను ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చూశారు. పిల్లవాడి చేతిలోని పని గుర్తించి ఊరుకోలేదు. ఆయన తోడ్పాటుతోనే రామారావు 1916లో బొంబాయి వెళ్లి సర్ జె.జె. కళాశాలలో చేరారు. చదువు ముగించుకుని తిరిగివచ్చి, సొంత ఊళ్లో మిత్రులను, శిష్యులను కూడగట్టి చిత్రకళకు పాదు వేశారు. మశూచి సోకి 1925లో కన్నుమూసేనాటికి ఆయన వయసు 28 ఏళ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివారు ఆ పనిని ముందుకు నడిపారు. ఆయన చిత్రాలు నేటికీ ఊళ్లోని చిత్రశాలలో ఉన్నాయి. ఆ మార్గాన నిత్యం వందల మంది విద్యార్థులు కోచింగ్ కేంద్రాలకు వెళుతుంటారు. లోపలికి అడుగుపెట్టినవారు ఎందరన్నది వేరే సంగతి.

రామారావుకు ఒక కూల్డ్రే దొరికారు. నేటి విద్యార్థికి కనీసం సమాచారమైనా దొరకాలి.

ఏమిటీ బీఎఫ్ఏ?

చిత్ర, శిల్ప కళల్లో ప్రాథమిక పట్టాను బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అంటారు. వాడుకలో బీఎఫ్ఏ. కొన్ని విశ్వవిద్యాలయాలు దీనినే బ్యాచిలర్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ అని వ్యవహరిస్తున్నాయి. చదువు నాలుగేళ్లు. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైతే చాలు. ఏ గ్రూపు చదివారన్న పట్టింపు సాధారణంగా ఉండదు. దీని తరువాత రెండేళ్ల ఎంఎఫ్ఏ, ఆపైన పరిశోధన ఉంటాయి.

తల్లిదండ్రులు తరచూ పొరబడేది ఇక్కడే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు వేరు, బీఎఫ్ఏ వేరు. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే లోయర్, హయ్యర్ గ్రేడ్ టెక్నికల్ పరీక్షలు, ఆ తరువాత వేసవిలో 42 రోజులపాటు జరిగే టీటీసీ శిక్షణ బడుల్లో డ్రాయింగ్ ఉపాధ్యాయులయ్యేందుకు ఏర్పరచిన సర్టిఫికెట్లు. అవి పట్టాలు కావు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతున్న సంప్రదాయ శిల్ప విద్యాసంస్థలో రాతి, లోహ, దారు శిల్పాలు, ఆలయ వాస్తు నేర్పుతారు. అక్కడ ఇచ్చేది డిప్లొమా. పదో తరగతితోనే చేరాలనుకునే పిల్లలకు, స్థపతులు కావాలనుకునేవారికి అది చక్కని మార్గం. కానీ విశ్వవిద్యాలయ పట్టా కావాలంటే బీఎఫ్ఏకే వెళ్లాలి.

బీఎఫ్ఏలో ప్రధానంగా పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ విభాగాలుంటాయి. ఇటీవల ఫొటోగ్రఫీ, యానిమేషన్ చేరాయి. ముద్రణ కళ, అంటే ప్రింట్ మేకింగ్, కొన్నిచోట్ల వేరే విభాగంగా, కొన్నిచోట్ల పెయింటింగ్‌లో భాగంగా ఉంటుంది. పెయింటింగ్, శిల్పం, ముద్రణ ఈ మూడింటిని కలిపి విదేశాల్లో 'స్టూడియో ఆర్ట్' అని పిలుస్తారు. కళాకారుడు తన పనిగదిలో, తన ఆలోచనను తన చేతితో రూపుకట్టించే విద్య అని దాని అర్థం. అప్లైడ్ ఆర్ట్ అలా కాదు. అది ప్రకటనలు, పుస్తకాల ముఖచిత్రాలు, లోగోలు, అట్టపెట్టెల రూపకల్పన వంటి పనులకు సంబంధించినది. ఒకరు అడిగితే చేసేది.

ఉద్యోగం వస్తుందన్న ఆశతో పిల్లలను బలవంతంగా అప్లైడ్ ఆర్ట్‌లో చేర్పించే తల్లిదండ్రులు ఎక్కువ. మట్టి పట్టుకుంటే తప్ప నిద్రపట్టని పిల్లవాడిని కంప్యూటరు ముందు కూర్చోబెడితే నాలుగేళ్లూ ఎటూ కాకుండా పోతాయి. తిరగేసి చెప్పినా అంతే. అక్షరాల అందం, పేజీ కూర్పు మీద మనసున్న అమ్మాయిని ఆయిల్ పెయింటింగ్‌కు పంపడం వృథా ప్రయాస.

నాలుగేళ్లు ఏం చేస్తారు?

'బొమ్మలు గీయడానికి నాలుగేళ్లా?' అని ఆశ్చర్యపోయేవారు ఒకసారి ఫైన్ ఆర్ట్స్ కళాశాల తరగతి గదిలో ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది. మొదటి ఏడాది పునాది చదువు. ఒక కుండ, ఒక మడత పెట్టిన గుడ్డ, రెండు వంకాయలు బల్లపై ఉంచి గీయమంటారు. ఇంటి దగ్గర సినీ నటుల ముఖాలు ఫొటో చూసి అచ్చుగుద్దినట్లు దించి మెప్పు పొందినవారు ఇక్కడే తడబడతారు. ఫొటోలో వెలుగునీడలను కెమెరా ముందే తేల్చిపెడుతుంది. ఎదురుగా ఉన్న కుండను గీయాలంటే వెలుగు ఎటునుంచి పడుతోందో, నీడ ఎక్కడ మెత్తబడుతోందో, గుడ్డ మడత ఎక్కడ లోపలికి దిగుతోందో కన్నే తేల్చుకోవాలి. చెయ్యి కంటే ముందు కన్ను చదువుకోవడం మొదలుపెడుతుంది. మొదటి మూడు నెలలు తన బొమ్మ రోజురోజుకూ పాడవుతోందని అనిపించని విద్యార్థి అరుదు. ఇంటికి ఫోన్ చేసి 'వచ్చేస్తాను' అనేది అప్పుడే. పెద్దలు తొందరపడి తీసుకువచ్చేయకూడదు.

తరువాత మనిషి బొమ్మ. దీన్ని లైఫ్ స్టడీ అంటారు. కూలి ఇచ్చి ఒక మనిషిని ఎత్తు బల్లపై కూర్చోబెట్టి, చుట్టూ విద్యార్థులు చేరి గీస్తారు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట విని బెంబేలెత్తడం సహజం. మన కళాశాలల్లో సాధారణంగా దుస్తుల్లో ఉన్న పెద్ద వయసువారినే కూర్చోబెడతారు. ముడతలు పడిన ముఖం, వంగిన వీపు, నరాలు తేలిన చేతులు విద్యార్థికి ఏ పుస్తకమూ చెప్పలేనంత చెబుతాయి. తల ఎత్తుకు ఎన్ని రెట్లు మనిషి పొడవు, కూర్చున్నప్పుడు బరువు ఏ ఎముక మీద పడుతుంది, భుజం పైకి లేస్తే మెడ కండరం ఏమవుతుంది వంటివన్నీ అక్కడే తెలుస్తాయి.

రెండో ఏడాది నుంచి ఎంచుకున్న విభాగంలో లోతుగా దిగుతారు. కొన్నిచోట్ల ప్రవేశ సమయంలోనే విభాగం కేటాయిస్తారు. కాబట్టి దరఖాస్తులో ఐచ్ఛికాలు రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. పెయింటింగ్‌లో నీటిరంగులు, ఆయిల్, ఆక్రిలిక్, కుడ్యచిత్రం, దృశ్య సంయోజనం ఉంటాయి. శిల్పంలో ముందు ఇనుప చువ్వతో, తీగతో లోపలి ఆస్థిపంజరం కట్టుకోవాలి. దానిపై మట్టి ఎక్కించాలి. రాత్రి ఇంటికి వెళ్లేముందు తడిగుడ్డ చుట్టి ప్లాస్టిక్ కప్పి వెళ్లకపోతే తెల్లారేసరికి మట్టి బీటలు వారుతుంది. వారం రోజుల పని నేలపాలు. మట్టి బొమ్మ పూర్తయ్యాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ గానీ ఫైబర్ గానీ పోస్తారు. కంచు పోత పోయాలంటే మైనపు నమూనా చేసి, దానిపై మట్టి కప్పి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోయాలి. ఇవి పుస్తకంలో చదివి నేర్చుకునేవి కావు.

ముద్రణ కళ సంగతి మన ప్రాంతంలో చాలామందికి తెలియదు. ఎచింగ్ అనే పద్ధతిలో జింకు రేకు తీసుకుని అంచులు ఆకురాయితో వాలుగా అరగదీస్తారు. దానిపై మైనం, తారు కలిసిన పూత పూస్తారు. సూదిమొనతో ఆ పూతను గీరుతూ బొమ్మ గీస్తారు. రేకును నీళ్లు కలిపిన నత్రికామ్లంలో ముంచితే పూత లేచిపోయిన గీత వెంట మాత్రమే ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. పూత కడిగేసి, గీతల్లో సిరా నింపి, పైన ఉన్న సిరాను గుడ్డతో తుడిచేసి, తడిపిన దళసరి కాగితం పరిచి రోలరు యంత్రం కింద నుంచి నడిపిస్తే బొమ్మ కుడిఎడమలు తారుమారై కాగితం పైకి వస్తుంది. ఒక్క రేకు నుంచి పది పదిహేను ప్రతులు తీసి ఒక్కొక్కదానిపై పెన్సిలుతో సంఖ్య వేసి సంతకం చేస్తారు. ఒక్కో ప్రతీ అసలు చిత్రమే, నకలు కాదు. తెలుగు కళాకారుల్లో దేశమంతటా పేరు తెచ్చుకున్న కె. లక్ష్మాగౌడ్‌కు మొదట గుర్తింపు తెచ్చినది ఈ ఎచింగే.

ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. 'బాపు గారు లా చదివారు, వడ్డాది పాపయ్య ఏ ఆర్ట్ కాలేజీకి వెళ్లారు? మరి వీడికెందుకు పట్టా?' అని అడిగేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నిజమే. బాపు మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. పాపయ్య తండ్రి దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. పట్టా లేకుండా గొప్ప చిత్రకారులు కావచ్చు. కాకపోతే ఎచింగ్ యంత్రం, పోత కొలిమి, మోడలు, ఎదురుగా నిలబడి 'ఈ చెయ్యి తప్పు' అని చెప్పే గురువు, పక్కనే తనకంటే బాగా గీస్తున్న మరో నలుగురు, ఇవన్నీ ఒకేచోట ఇంట్లో దొరకవు. కళాశాల ఇచ్చేది ముఖ్యంగా వాటినే. పట్టా కాగితం అవసరం ఆ తరువాత ఉద్యోగాల దగ్గర వస్తుంది.

మరో హెచ్చరిక. బీఎఫ్ఏలో విద్యార్థులకు అడ్డుపడేది చాలాసార్లు బొమ్మ కాదు, రాత పరీక్ష. అజంతా, అమరావతి శిల్పం మొదలు ఐరోపా పునరుజ్జీవనం, ఆధునిక కళోద్యమాల వరకు కళాచరిత్ర ఉంటుంది. దాని పక్కనే సౌందర్యశాస్త్రం ఉంటుంది. పుస్తకాలు ఎక్కువగా ఆంగ్లంలోనే దొరుకుతాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పల్లెటూరి పిల్లలు ఇక్కడ వెనుకబడి, బ్యాక్‌లాగులు పేరుకుని, చెయ్యి అద్భుతంగా ఉండి కూడా పట్టా అందుకోలేకపోతుంటారు. మొదటి ఏడాది నుంచే రోజుకు ఒక గంట చదువుకు కేటాయించుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఎక్కడ చదవాలి?

మన జిల్లా విద్యార్థులకు చిరకాలంగా అందుబాటులో ఉన్నది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. రాజమహేంద్రవరం నుంచి రైలులో సుమారు 200 కిలోమీటర్లు. అక్కడి ఫైన్ ఆర్ట్స్ విభాగంలో చిత్రకళ, శిల్పం నేర్పుతున్నారు.

కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2020లో ఏర్పాటైంది. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, ఫొటోగ్రఫీల్లో బీఎఫ్ఏ ఉంది. ప్రవేశాలకు ఏడీసెట్ రాయాలి.

హైదరాబాద్ మాసాబ్ ట్యాంకులోని కళాశాలది సుదీర్ఘ చరిత్ర. 1940లో నిజాం పాలనలో మొదలైన ఈ కళాశాల, 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు దానిలో అంతర్భాగమైంది. 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంగా విడివడింది. ఎఫ్ఏడీఈఈ పేరుతో ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం చదివింది ఈ కళాశాలలోనే. ఇద్దరూ తరువాత బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ వద్ద నేర్చుకున్నారు. అయితే ఆంధ్ర విద్యార్థులు ఒక విషయం గమనించాలి. 2014 రాష్ట్ర విభజన చట్టం ప్రకారం ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024తో ముగిసింది. తెలంగాణ విద్యాసంస్థలకు దరఖాస్తు చేసేముందు స్థానికత నిబంధనను నోటిఫికేషన్‌లో ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. పరీక్ష రాసి, ర్యాంకు వచ్చాక అర్హత లేదని తెలిస్తే ఆ ఏడాది పోయినట్లే.

హైదరాబాద్‌లోనే 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. పొట్టి శ్రీరాములు పేరుతో నడిచిన ఈ సంస్థకు 2025లో తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. లలితకళల కోర్సుల్లో శిల్పానికి ఇక్కడ చోటుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం బీఎఫ్ఏ తరువాతి మెట్టు. పెయింటింగ్, ముద్రణ, శిల్పాల్లో అక్కడ స్నాతకోత్తర చదువు ఉంది. లక్ష్మాగౌడ్ అక్కడ ఆచార్యునిగా పనిచేశారు.

రాష్ట్రం దాటగలిగినవారికి శాంతినికేతన్‌లోని కళాభవన్, బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయం, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం, ముంబయిలోని జె.జె., 1850లో మొదలైన చెన్నై ప్రభుత్వ లలితకళల కళాశాల ఉన్నాయి. ఒకప్పుడు కోస్తా, రాయలసీమ చిత్రకారులకు మద్రాసే పుట్టినిల్లు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు నిర్వహించే వాటికి సీయూఈటీ, దానితోపాటు బొమ్మ పరీక్ష అవసరమవుతాయేమో ఆయా ప్రకటనల్లో చూసుకోవాలి.

ప్రవేశ పరీక్ష ఎలా ఉంటుంది?

ఏ విశ్వవిద్యాలయం పద్ధతి దానిదే. స్థూలంగా పరీక్షలు రెండు రకాలు. ఒకటి కళ, సంస్కృతి, సాధారణ విజ్ఞానంపై బహుళైచ్ఛిక ప్రశ్నలు. రెండోది చేతిపని. ఇందులో జ్ఞాపక చిత్రణ ముఖ్యమైనది. 'రైతుబజారు', 'బస్టాండులో వానపడిన సాయంత్రం', 'గోదావరి రేవులో పుష్కర స్నానాలు' వంటి సన్నివేశం ఇచ్చి, ఎదుట ఏమీ లేకుండా గీయమంటారు. ఇక్కడ నేర్పుగా గీసిన ఒక్క ముఖం కంటే సన్నివేశంలో మనుషులు ఎక్కడెక్కడ నిలబడ్డారు, ఎవరు దగ్గర, ఎవరు దూరం, ఏ పని చేస్తున్నారు అన్నది చూస్తారు. బుట్ట ఎత్తుకున్న మనిషి మెడ ఎలా నిటారుగా ఉంటుందో నిజంగా చూసినవాడికి, చూడనివాడికి తేడా ఒక్క గీతలో తెలిసిపోతుంది.

కాబట్టి సన్నద్ధతకు పెద్ద కోచింగ్ అక్కరలేదు. చిన్న స్కెచ్ పుస్తకం, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు కొనుక్కుని రోజూ ఒక గంట రైల్వే స్టేషన్‌లోనో, కోటిపల్లి బస్టాండులోనో కూర్చుని కదిలే మనుషులను గీస్తే చాలు. రబ్బరు ఇంట్లో వదిలి వెళ్లాలి. ఆరు నెలలకు నిండిన నాలుగైదు పుస్తకాలు, ఏ శిక్షణ కేంద్రపు సర్టిఫికెట్ కంటే విలువైనవి. సామాజిక మాధ్యమాల్లో చూసి దించిన బొమ్మలు పరీక్షలో ఎందుకూ కొరగావు.

ఖర్చు మాటేమిటి?

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రుసుము కంటే సామగ్రి ఖర్చే ఇబ్బంది పెడుతుంది. కార్ట్రిడ్జ్ కాగితం దస్తాల లెక్కన అయిపోతుంది. ఆయిల్ రంగుల గొట్టాలు, కాన్వాసు, కుంచెలు, శిల్ప విద్యార్థులకు ఇనుము, ప్లాస్టర్, ఫైబర్ రసాయనాలు అన్నీ సొంతంగా కొనుక్కోవాల్సినవే. చివరి ఏడాది ప్రదర్శనకు పెద్ద పనులు పెట్టాలి. అప్పుడు చట్రాలకూ, రవాణాకూ వేరే అవుతుంది. పేద విద్యార్థి రంగు పలచన చేసుకుని, కాగితం రెండువైపులా గీసి, పండగ సెలవుల్లో గోడలకు బొమ్మలు వేసి నెట్టుకొస్తాడు. మంచి మాస్టార్లు పాత కాన్వాసుపై తెల్లరంగు కొట్టి మళ్లీ వాడుకోవడం నేర్పుతారు. అయినా రుసుముతోనే ఖర్చు అయిపోయిందనుకుని చేరినవారు రెండో ఏడాదిలో ఇబ్బంది పడతారు. ముందే నెలకు ఇంతని అనుకుని పక్కన పెట్టుకోవడం మేలు.

ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలవారికి ప్రభుత్వ బోధనా రుసుముల పథకం వర్తిస్తుందో లేదో, వసతిగృహంలో సీటు దొరుకుతుందో లేదో చేరకముందే కళాశాల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పట్టా అయ్యాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే ఉపకారవేతనం ఉంది. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసు, అప్పటికే శిక్షణ ఉన్నవారు అర్హులు. నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. 1954లో ఏర్పడిన లలితకళా అకాడమీకి చెన్నైలో ప్రాంతీయ కేంద్రం ఉంది. సొంత పనిగది లేని యువ కళాకారులకు అక్కడి స్టూడియోలు ఆదరువు.

కూడు పెడుతుందా?

దాచిపెట్టడం ఎందుకు? కేవలం బొమ్మలు అమ్ముకుని బతికే కళాకారులు కొద్దిమందే. హైదరాబాద్, ముంబయి, ఢిల్లీ గ్యాలరీల్లో పేరు నిలదొక్కుకోవడానికి పదేళ్లయినా పడుతుంది. ఆ పదేళ్లూ మరో పని ఉండాలి. ఆ మరో పనికి బీఎఫ్ఏ ఎంతవరకు పనికివస్తుందన్నదే అసలు ప్రశ్న.

మొదటిది బోధన. నవోదయ విద్యాలయాలు, గురుకులాలు, ప్రైవేటు పాఠశాలల్లో చిత్రకళ ఉపాధ్యాయులు ఉంటారు. ప్రభుత్వ నియామకాలు ఏటా రావు. వచ్చినప్పుడు పట్టా చేతిలో ఉన్నవారే పోటీలో నిలుస్తారు. ఎంఎఫ్ఏ చదివి, యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్ పరీక్ష గట్టెక్కితే విశ్వవిద్యాలయాల్లో సహాయ ఆచార్య పదవికి అర్హత లభిస్తుంది. ఎంఎఫ్ఏలో 55 శాతం మార్కులు తెచ్చుకోవాలన్నది గుర్తుంచుకోవాలి.

రెండోది సినిమా, టెలివిజన్. కళాదర్శక విభాగంలో తెర రాసేవారి నుంచి సెట్టు రూపకర్త వరకు పని ఉంటుంది. బి. నర్సింగరావు తీసిన 'దాసి' చిత్రానికి తోట వైకుంఠం కళాదర్శకునిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. యానిమేషన్, గేమింగ్ సంస్థలు సాఫ్ట్‌వేర్ తెలిసినవారి కంటే, శరీర నిర్మాణం తెలిసి సాఫ్ట్‌వేర్ నేర్చుకోగలవారిని ఇష్టపడతాయి.

మూడోది మనకు బాగా దగ్గరలో ఉంది. కోనసీమ జిల్లా కొత్తపేటలోని శిల్పశాలల్లో తయారైన నాయకుల విగ్రహాలు రాష్ట్రమంతటా కూడళ్లలో నిలబడి ఉన్నాయి. మట్టి నమూనా చేయగల చేతికి అక్కడ పని దొరుకుతుంది. ఫొటో చూసి నిలువెత్తు మనిషిని నిలబెట్టడం సామాన్య విద్య కాదు. విగ్రహాల రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వారిది. ఆ కొలిమి వెలుగులో కొన్ని కుటుంబాలు బతుకుతున్న మాట వాస్తవం.

ఒక చేదు అనుభవమూ చెప్పుకోవాలి. 2000 తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. అంతకుముందు ఈ ఊళ్లో దుకాణాల బోర్డులు, సినిమా బ్యానర్లు, ఎన్నికల గోడరాతలు అన్నీ కుంచెతోనే. కొద్ది ఏళ్లలోనే ఆ వృత్తి కూలిపోయింది. నిచ్చెన ఎక్కి ఇరవై అడుగుల కథానాయకుని ముఖం రాసినవారు ఆటోలు నడిపారు, సున్నాలు కొట్టారు. ఇప్పుడు కృత్రిమ మేధ సాయంతో, మాటలు టైపు చేస్తే బొమ్మ తయారయ్యే రోజు వచ్చింది. చిన్నచిన్న ప్రకటనల బొమ్మలు, పుస్తకాల లోపలి చిత్రాలు వేసి బతికేవారిలో అప్పటి గుబులే కనిపిస్తోంది. ఒకే రకమైన పనిని వేగంగా చేయడం మీద ఆధారపడిన వృత్తిని యంత్రం ముందు కబళిస్తుందని ఫ్లెక్సీ కాలం చూపించింది. అప్లైడ్ ఆర్ట్ భద్రమనీ, పెయింటింగ్, శిల్పం ప్రమాదమనీ పాతికేళ్లుగా చెప్పుకుంటున్న లెక్కను ఈ వెలుగులో మళ్లీ చూసుకోవాల్సి ఉంది. మట్టి, రాయి, జింకు రేకు మీద పనికి ఆ పోటీ ఇంకా అంతగా తగల్లేదు.

విదేశీ చదువు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల్లో ఈ చదువుపై మనసుపడేవారున్నారు. అక్కడ రెండు దారులు. బీఏ స్టూడియో ఆర్ట్‌లో చిత్రకళతోపాటు సాహిత్యం, శాస్త్రాలు వంటి ఇతర సబ్జెక్టులు ఎక్కువ. బీఎఫ్ఏలో సుమారు మూడింట రెండు వంతులు కళకు సంబంధించిన చదువే. మార్కుల కంటే పదిహేను ఇరవై సొంత పనుల పోర్ట్‌ఫోలియోకు విలువ ఎక్కువ. ఇక్కడి నుంచి వెళ్లాలనుకునేవారు బీఎఫ్ఏ ఇక్కడే పూర్తి చేసి ఎంఎఫ్ఏకు ప్రయత్నించడం ఖర్చు దృష్ట్యా మేలు. అక్కడ ఎంఎఫ్ఏకు బోధనా సహాయకులుగా పని దొరికే అవకాశముంటుంది. గుడివాడ నుంచి మద్రాసు మీదుగా కామన్వెల్త్ ఉపకారవేతనంపై లండన్ స్లేడ్ కళాశాలకు వెళ్లిన ఎస్.వి. రామారావు తరువాత అమెరికాలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కూడా ముందు ఇక్కడే పునాది వేసుకుని వెళ్లారు.

దరఖాస్తుకు సిద్ధం కండి

నోటిఫికేషన్లు సాధారణంగా వేసవిలో వెలువడతాయి. అందువల్ల ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లను వారానికొకసారి చూసుకోవాలి. పదో తరగతి, ఇంటర్ మార్కుల పత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు, ఆధార్ ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం కోసం చివరి రోజున తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకున్నవారున్నారు.

చేతిపని పరీక్షకు కాగితం వారే ఇస్తారు. మిగిలినవి అభ్యర్థి తీసుకెళ్లాలి. డ్రాయింగ్ బోర్డు, నాలుగు క్లిప్పులు, చెక్కిన పెన్సిళ్లు, పోస్టరు లేదా నీటిరంగుల పెట్టె, సన్నవి, లావువి రెండు మూడు కుంచెలు, రంగులు కలుపుకునే పళ్లెం, పాతగుడ్డ ఉండాలి. నీటి గిన్నె మరచిపోయేవారు ఎక్కువ. పరీక్ష గదిలో పక్కవారి గిన్నెలో కుంచె ముంచనివ్వరు. రంగులను పరీక్ష ముందురోజు కొత్తగా కొనకూడదు. నెల రోజులుగా వాడుతున్న పెట్టెనే తీసుకెళితే ఏ రంగు ఎంత నీరు పట్టుకుంటుందో చేతికి తెలిసి ఉంటుంది.